సగటు చెప్పని సంగతి

పెళ్ళి తంతులో ఒక ఘట్టం వచ్చేసరికి పురోహితుడుగారు కొత్త దంపతుల్ని బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తారు. పట్టపగలు ముహూర్తమైనా సరే వేలెత్తి చూపిస్తారు, వాళ్ళూ కనిపించినట్టే తలూపుతారు. ఫొటో సరిగ్గా రాలేదని ఫొటోగ్రాఫర్ ఇంకోసారి ఊపమంటాడు కూడా. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన మినుకుమనే ఆ చిన్న చుక్క చలించని మనసుకి గుర్తు. నిలకడ అనే మాట చెప్పాల్సి వస్తే మన పెద్దవాళ్ళు ఆకాశాన్నే సాక్ష్యానికి పిలిచారు.

ఆ సప్తర్షులున్న దిక్కులోనే, మన కంటికి అందనిది ఇంకొకటి ఉంది. పేరు మార్కేరియన్ 421. బెంజమిన్ మార్కేరియన్ అనే ఆర్మేనియా శాస్త్రవేత్త తయారుచేసిన జాబితాలో 421వది కాబట్టి ఆ పేరు. అది నక్షత్రం కాదు, మన పాలపుంత లాంటి ఒక గెలాక్సీ. దాదాపు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఇవాళ మనకి చేరుతున్న వెలుగు అక్కడ బయల్దేరేటప్పటికి భూమ్మీద డైనోసార్లు కూడా పుట్టలేదు. ఇంత ముసలి వెలుగు కదా, నిదానంగా ఉంటుందనుకుంటాం. ఉండదు. ఒక రాత్రి మామూలుగా ఉంటుంది, మర్నాడు రెట్టింపవుతుంది, ఒక్కోసారి గంట తిరక్కుండానే పెరిగి తగ్గిపోతుంది.

ఈ నెల మన శీర్షికలో ఇలాంటి చంచలమైన గెలాక్సీల గురించి, వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళ గురించి చెప్పుకుందాం. ఫిజిక్స్ కాలేజీతోనే వదిలేశాం అనేవాళ్ళు కంగారు పడకండి. లెక్కలేమీ చేయించను, ఒక్క గుణకారం తప్ప.

ముందు ఆ గెలాక్సీకి ఏమైందో చూద్దాం. పెద్ద గెలాక్సీల నడిమధ్యన ఒక భారీ బ్లాక్ హోల్ ఉంటుంది. మన పాలపుంతలోనూ ఉంది కానీ అది ప్రస్తుతానికి సద్దుమణిగి ఉంది. కొన్నింటిలో మాత్రం చుట్టూ ఉన్న వాయువు, ధూళి బ్లాక్ హోల్‌లోకి జారిపోతూ విపరీతంగా వేడెక్కుతాయి. అందులో కొంత పదార్థం లోపలికి పోకుండా రెండు వైపులా సన్నటి ధారలుగా, దాదాపు కాంతి వేగంతో బయటికి చిమ్ముతుంది. వీటిని జెట్‌లు అంటారు. ఆ ధారల్లో ఒకటి సరిగ్గా మన వైపే గురిపెట్టి ఉంటే, చీకటి రోడ్డు మీద ఎదురొచ్చే లారీ హెడ్‌లైట్ మన కళ్ళల్లో పడినట్టు ఉంటుంది. అలాంటి గెలాక్సీకి పెట్టిన పేరు బ్లేజార్.

వీటి చరిత్రలో ఒక తమాషా ఉంది. 1929లో కూనో హాఫ్‌మైస్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వెలుగు మారుతున్న ఒక చుక్కని చూసి అది నక్షత్రమే అనుకున్నాడు. నక్షత్రాలకి పెట్టే పద్ధతిలోనే దానికి బీఎల్ లాసర్టే అని పేరు వచ్చింది. దాదాపు నలభై ఏళ్ళకి, 1968లో, అక్కణ్ణుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని తెలిశాక కథ మారింది. అది నక్షత్రం కాదు, ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీ గుండెకాయ. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

బ్లేజార్లు అన్ని రకాల వెలుగులూ ఇస్తాయి. రేడియో, మామూలు వెలుగు, ఎక్స్‌రే, అన్నిటికన్నా ఎక్కువ శక్తి ఉన్న గామా కిరణాలు. మార్కేరియన్ 421 నుంచి వచ్చే గామా కిరణాల్లో కొన్ని ఒక్కొక్కటీ మామూలు వెలుగు కణం కంటే వేల కోట్ల రెట్లు శక్తి గలవి. అదృష్టవశాత్తూ అవి నేలదాకా రావు, మన గాలి పొర అడ్డుకుంటుంది. ప్రాణాలకి మంచిదే, చూడాలనుకునేవాళ్ళకి కష్టం. కాబట్టి రెండే దారులు. గాలి పైకి వెళ్ళి శాటిలైట్ నుంచి చూడడం, లేకపోతే ఆ గాలినే పరికరంగా వాడుకోవడం.

రెండో దారి నాకు భలే ఇష్టం. గామా కిరణం పైన ఎక్కడో గాలిని తాకగానే కొత్త కణాలు పుడతాయి. అవి ఇంకొన్నిటిని పుట్టిస్తాయి. అలా ఒక్కటి వందలై, వేలై జల్లులా కిందికి దిగుతాయి. గాలిలో కాంతి నడిచే వేగం కన్నా ఆ కణాల వేగమే ఎక్కువ. అందువల్ల నీలిరంగు మెరుపు పుడుతుంది. దాన్ని చెరెన్కోవ్ కాంతి అంటారు. అది ఉండేది సెకనులో వంద కోట్లవ వంతులు కొన్ని మాత్రమే. నేల మీద సుమారు 250 మీటర్ల వెడల్పున పల్చగా పరుచుకుంటుంది. మన కన్ను పట్టుకోలేదు. పెద్ద అద్దం, చురుకైన కెమెరా ఉంటే పట్టుకోవచ్చు.

ఈ మెరుపుని ఇలా మొదట పట్టుకున్న పరికరం ఏమిటో తెలుసా? చెత్తడబ్బా. 1950ల మొదట్లో ఇంగ్లండ్‌లో గాల్బ్రెయిత్, జెల్లీ అనే ఇద్దరు ఒక చెత్తడబ్బాలో అడుగున 25 సెంటీమీటర్ల అద్దం, దాని పైన వెలుగుని పసిగట్టే ఒక ట్యూబు పెట్టి ఆకాశం వైపు తిప్పారు. అలాంటి మెరుపులు ఉండాలని అంతకు ముందు 1948లో చెప్పినవాడు బ్లాకెట్. ఆయన మాంచెస్టర్ ల్యాబులోనే 1940లలో ఈ కణాల జల్లుల మీద పిహెచ్‌డి చేసిన బెంగాలీ అమ్మాయి బిభా చౌధురి. తర్వాత మన దేశంలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. ఆమె పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 2019లో ఒక నక్షత్రానికి ‘బిభా’ అని పెట్టారు. ఇంట్లో ఆడపిల్లలున్నవాళ్ళు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

చెత్తడబ్బా నుంచి పద్ధతి చాలా దూరం వచ్చింది. 1989లో అరిజోనాలోని విప్పుల్ అబ్జర్వేటరీలో 10 మీటర్ల టెలిస్కోపుతో ట్రెవర్ వీక్స్ బృందం క్రాబ్ నెబ్యులా నుంచి గామా కిరణాల్ని నికరంగా పట్టుకుంది. 1992లో అదే టెలిస్కోపు మార్కేరియన్ 421ని పట్టుకుంది. ఇంత శక్తి గల కిరణాలు మన పాలపుంత బయటి నుంచి వస్తున్నాయని తెలియడం అదే మొదలు. 1996 మే 7న దాని వెలుగు గంటలో రెట్టింపు చొప్పున పెరిగింది. వారం తర్వాత మే 15న ఇంకో పొంగు, మొత్తం అరగంటలో వచ్చి వెళ్ళిపోయింది.

నేనుండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. పోయిన చలికాలం పిల్లల్ని తీసుకుని ఆ అబ్జర్వేటరీ విజిటర్ సెంటర్ చూడ్డానికి వెళ్ళాం. టూసాన్ దాటి దక్షిణానికి తిరిగే రోడ్డు మీద దూరాలు మైళ్ళలో కాక కిలోమీటర్లలో ఉంటాయి. అది చూసి మావారికి ఎక్కడలేని హుషారొచ్చింది. కొండ కింద ఇప్పుడు నాలుగు టెలిస్కోపులున్నాయి. వాటి పేరు వెరిటాస్. ఒక్కోటి 12 మీటర్లు. పైన గుమ్మటం లేదు, ఆరుబయటే నిలబడి ఉంటాయి. ఒక్కోదానికి మూడు వందలకి పైగా ఆరు పలకల అద్దాలు. “మమ్మీ, తేనెపట్టు!” అంది మా చిన్నది.

వీటికి పని రాత్రిపూటే, అదీ మబ్బు లేని రాత్రి. పౌర్ణమి దగ్గర పడితే ఆపేస్తారు. వెన్నెలలో ఆ సన్నటి మెరుపు తేలిపోతుంది, కెమెరాకీ మంచిది కాదు. మనింట్లో అమావాస్య నాడు ప్రయాణం పెట్టుకుంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు కదా, వీళ్ళకి అమావాస్యే అసలైన మంచిరోజు. ఇక జూలై, ఆగస్టుల్లో అరిజోనాలో వానలు. ఇక్కడివాళ్ళు కూడా దాన్ని మాన్‌సూన్ అనే అంటారు. అప్పుడు టెలిస్కోపులకి సెలవు. ఇవన్నీ తీసేస్తే ఏడాదిలో చూడగలిగే గంటలు చాలా తక్కువ మిగులుతాయి. ఆ కాస్త సమయంలో ఎప్పుడు పొంగుతుందో తెలియని దాన్ని పట్టుకోవాలి.

ఎందుకింత పట్టింపు? ఇంతింత దూరంలో ఉన్నది ఎప్పుడు పెరిగితే ఏమిటి, ఎప్పుడు తగ్గితే ఏమిటి? మావారు అడిగిన ప్రశ్న ఇదే. జవాబు ఇది. ఆ దూరం నుంచి బ్లేజార్ గుండె ఎంత టెలిస్కోపుతో చూసినా గామా కిరణాల్లో ఒక చుక్కే. లోపల ఏముందో బొమ్మ తీయలేం. కానీ ఆ చుక్క ఎంత వేగంగా మారుతుందో చూస్తే దాని పరిమాణం తెలిసిపోతుంది.

ఎలాగంటారా? కార్తీక పౌర్ణమికి మీ ఊళ్ళో ఒక కిలోమీటరు పొడవున్న గుడి వీధి అనుకోండి. వీధి పొడుగునా గుమ్మాల్లో దీపాలు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడ్డారు. గుళ్ళో శంఖం వినిపించగానే వెలిగించాలి. శబ్దం కిలోమీటరు వెళ్ళడానికి మూడు సెకన్లు పడుతుంది. గుడి దగ్గరవాళ్ళు ముందు వెలిగిస్తారు, చివరివాళ్ళు మూడు సెకన్లు ఆలస్యంగా వెలిగిస్తారు. కొండ మీద నుంచి చూసేవాళ్ళకి ఆ వీధి వెలుగు నిండుగా రావడానికి కనీసం మూడు సెకన్లు పడుతుంది, ఒక్క సెకనులో రాదు. తిప్పి చెప్తే, ఎక్కడో ఒక వీధి ఒక్క సెకనులో నిండుగా వెలిగిందంటే అది కిలోమీటరు పొడవుండదు, అందులో మూడో వంతే ఉంటుంది.

విశ్వంలో శంఖధ్వని బదులు కాంతి. సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు. దానికన్నా త్వరగా ఏ కబురూ వెళ్ళదు. కాబట్టి వెలుగు మారడానికి పట్టిన సమయాన్ని కాంతి వేగంతో గుణిస్తే, ఆ వెలుగు పుట్టిన చోటు అంతకన్నా పెద్దది కాదని తేలుతుంది. మనం చేయాల్సిన గుణకారం ఇదొక్కటే.

ఇప్పుడు ఆఫ్రికాకి వెళ్దాం. నమీబియాలో హెస్ అనే టెలిస్కోపుల గుంపు ఉంది. 2006 జూలై 28 తెల్లవారుజామున అవి పీకేఎస్ 2155-304 అనే బ్లేజార్‌ని చూస్తున్నాయి. అది దాదాపు 150 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోది. మామూలుగా ఇలాంటి వాటి నుంచి గామా కిరణాలు నిమిషానికి ఏవో కొన్ని వస్తాయి. ఆ రాత్రి గంటన్నరలోపు పదకొండు వేలకి పైగా వచ్చాయి. వెలుగు పైకీ కిందికీ ఊగింది. ఒక్కో పొంగు రెట్టింపవడానికి పట్టింది 200 సెకన్లు. అంటే మూడు నిమిషాల చిల్లర. మనం స్టవ్ మీద పాలు పెట్టి పక్కకి తిరిగేంత సేపు.

గుణించండి. 200 సెకన్లలో కాంతి వెళ్ళేది 6 కోట్ల కిలోమీటర్లు. మనకీ సూర్యుడికీ మధ్య ఉన్నదే 15 కోట్ల కిలోమీటర్లు, అందులో సగం కూడా కాదు. ఇలాంటి గెలాక్సీలో ఉండే బ్లాక్ హోల్‌కి వంద కోట్ల సూర్యుల బరువు ఉందనుకుంటే దాని వ్యాసార్థమే 300 కోట్ల కిలోమీటర్లు. ఆ వ్యాసార్థం దాటడానికి కాంతికి దాదాపు రెండు గంటల నలభై ఐదు నిమిషాలు కావాలి. మరి మూడు నిమిషాల్లో మారిన వెలుగు ఎక్కడ పుట్టినట్టు? ఇల్లంత పొయ్యి మీద ఆవగింజంత చోటు నుంచి ఇంటిని మించిన మంట వచ్చినట్టుంది లెక్క.

దీనికి కొంత సర్దుబాటు ఉంది. వెనకటి రోజుల్లో కాశీ వెళ్ళిన తాతగారు తిరుగు ప్రయాణంలో రోజుకో ఉత్తరం వేశారనుకోండి. ఆయన ఉత్తరం వెనకాలే, దాదాపు తపాలా వేగంతోనే ఇంటికి వస్తున్నారు. పది రోజులు పది ఉత్తరాలు రాసినా ఇంటికి అవి ఒకటి రెండు రోజుల్లో గుట్టగా వచ్చి పడతాయి. ఇంట్లోవాళ్ళకి తాతగారు గంటకో ఉత్తరం రాసినట్టు అనిపిస్తుంది. బ్లేజార్ జెట్ కూడా తను విడిచిన కాంతి వెనకాలే మన వైపు పరిగెడుతుంది. అక్కడ గంటల తరబడి జరిగింది మనకి నిమిషాల్లో జరిగినట్టు కనిపిస్తుంది. అయితే హెస్ చూసిన ఆ రాత్రి లెక్క కుదరాలంటే జెట్ కాంతి వేగంలో 99.9 శాతాన్ని మించి పరిగెత్తాలి. ఇలాంటి జెట్‌లనే రేడియో టెలిస్కోపులతో చూస్తే అంత వేగం కనిపించడం లేదు. జెట్ లోపల ఇంకా సన్నటి జెట్‌లు ఉన్నాయేమో, అయస్కాంత రేఖలు తెగి మళ్ళీ అతుక్కునేటప్పుడు చిన్న చిన్న ముద్దలు విడిగా పేలుతున్నాయేమో అని రకరకాల ఊహలున్నాయి. ఏ ఒక్కటీ ఇంకా ఖాయం కాలేదు. ఆ మూడు నిమిషాల ముడి అలాగే ఉంది.

ఒక్కటి గమనించండి. ఆ రాత్రిని మొత్తం నెలలో కలిపి సగటు తీసేస్తే ఈ ముడి ఉందనే తెలియదు. కాస్త ఎక్కువ వెలుగున్న నెల అని రాసుకుని ఊరుకునేవాళ్ళు. సగటులో పొంగులు కరిగిపోతాయి.

ఈ సంగతి నాకు ఫిజిక్స్ పుస్తకం కన్నా మా నాన్న గట్టిగా నేర్పారు. ఒంగోల్లో ఉంటారు. చాలా ఏళ్ళుగా షుగరు, రాత్రి ఇన్సులిన్. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష ప్రతిసారీ చక్కగానే వచ్చేది. అమ్మ మాత్రం “తెల్లారేసరికి ఒళ్ళంతా చెమటలు, మనిషి అదోలా లేస్తున్నారే” అనేది. చేతికి అతికించే సెన్సారు పెట్టించాం. అది ఐదైదు నిమిషాలకీ రీడింగు ఫోనుకి పంపుతుంది. వంతులు వేసుకున్నాం. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా దుబాయ్‌లో అన్నయ్య. అక్కడ తెల్లవారుజామైతే మెల్‌బోర్న్‌లో చెల్లికి పొద్దెక్కి ఉంటుంది, అది తన వంతు. ఒంగోల్లో రాత్రి రెండైతే నాకు ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఆ నడిరాత్రి నాది. నాలుగో రోజు, అక్కడ మూడు గంటలవేళ, గీత దిగడం మొదలుపెట్టింది. తొంభై, డెబ్భై ఎనిమిది, అరవై నాలుగు. అమ్మకి ఫోన్ చేసి లేపాను. పంచదార నీళ్ళు పట్టింది. అరగంటలో గీత పైకి లేచింది. వారం చార్టు డాక్టరుగారికి చూపిస్తే రాత్రి డోసు తగ్గించారు. మూడు నెలల సగటు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. నడిరాత్రి జరిగేది దాని లెక్కలో విడిగా కనిపించదు, అంతే.

పరాయి దేశంలో ఉన్న ఆడపిల్లలందరికీ ఈ కాపలా పని తెలుసు. ఫోన్లో “బాగానే ఉన్నాం” అనే మాట రోజూ ఒకటే, ఆ గొంతులో తేడా మాత్రం వినేవాళ్ళకే తెలుస్తుంది. అదీ రోజూ వింటేనే. మామూలు రోజు గొంతు ఎలా ఉంటుందో తెలియకపోతే తేడా ఎక్కడ తెలుస్తుంది?

గామా కిరణాల వాళ్ళూ ఇలాగే వంతులు వేసుకున్నారు. పైన శాటిలైట్లది ఒక కాపలా. ఇటలీ వాళ్ళ అజీలే అనే గామా కిరణాల శాటిలైట్ 2007 ఏప్రిల్ 23న మన శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్‌వీ మీద పైకి వెళ్ళింది. పులికాట్ పక్కనుంచి వెళ్ళిన ఆ శాటిలైట్ 2024 ఫిబ్రవరిలో కాలిపోయేదాకా దాదాపు 17 ఏళ్ళు అక్కడే ఉంది. 2008 జూన్‌లో నాసా ఫెర్మీని పంపింది. అది సుమారు మూడు గంటలకోసారి ఆకాశం మొత్తాన్ని చూసేస్తుంది. 2009 డిసెంబరులో 3సీ 454.3 అనే బ్లేజార్ ఎంత పొంగిందంటే, 700 కోట్ల కాంతి సంవత్సరాలకి పైగా దూరంలో ఉండి కూడా గామా కిరణాల ఆకాశంలో అన్నిటికన్నా వెలుగుగా నిలిచింది. మామూలుగా ఆ స్థానం మనకి వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్న వీలా పల్సార్‌ది. ఫెర్మీ బృందంలో ప్రతిరోజూ ఎవరో ఒకరు వంతు ప్రకారం కూర్చుని ఎక్కడ ఏది పొంగిందా అని చూస్తారు. ఏదైనా కనిపిస్తే ప్రపంచంలో ఉన్న టెలిస్కోపుల వాళ్ళందరికీ చిన్న కబురు పెడతారు. అలాంటి కబుర్లు వెళ్ళే దారుల్లో ఒకదాని పేరు ఆస్ట్రానమర్స్ టెలిగ్రామ్. మన ఊళ్ళల్లో టెలిగ్రామ్ అంటే గుండె జారేది. వీళ్ళకి మాత్రం పండగ కబురు.

కింద టెలిస్కోపులది ఇంకో కాపలా. హెస్ ఉన్న నమీబియాలోనూ, మ్యాజిక్ టెలిస్కోపులున్న కానరీ దీవుల్లోని లా పాల్మాలోనూ తెల్లారిపోతుంటే అరిజోనాలో రాత్రి సాగుతూ ఉంటుంది. కానీ అరిజోనాలో తెల్లారాక నమీబియాలో మళ్ళీ చీకటి పడేదాకా చాలా గంటలు ఖాళీ. ఆ మధ్యలో బ్లేజార్ పొంగితే చూసే పెద్ద కన్ను లేదు. ఆ ఖాళీలో కొంత భాగాన్ని నింపేది మన లడఖ్.

లడఖ్‌లో హాన్లే అనే ఊరి దగ్గర, 4,270 మీటర్ల ఎత్తున, భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు మేస్ అనే టెలిస్కోపు పెట్టారు. 21 మీటర్ల అద్దం, 1,088 వెలుగు ట్యూబులున్న కెమెరా, మొత్తం బరువు దాదాపు 180 టన్నులు. 2024 అక్టోబరు 4న ప్రారంభించారు. దాన్ని తయారుచేసింది ఎక్కడో తెలుసా? మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ అంటే మనలో చాలామందికి బస్సు మారే చోటు, కూరగాయలు బేరమాడిన చోటు. ఆ పక్క ఆవరణలో చేసింది ఇప్పుడు హిమాలయాల మీద కూర్చుని, అరిజోనాలో తెల్లారిపోయాక, నమీబియాలో ఇంకా చీకటి పడకముందు, తన వంతు కాపలా కాస్తోంది. హాన్లే మంచు ఎడారి కాబట్టి అక్కడ వానలు తక్కువ, రాత్రులు నల్లగా ఉంటాయి.

ఇంత కాపలాకి ఫలితం ఏమిటో ఒక్క ఉదాహరణ చెప్తాను. 2017 సెప్టెంబరు 22న అంటార్కిటికా మంచులో పాతిన ఐస్‌క్యూబ్ అనే పరికరానికి ఒక న్యూట్రినో దొరికింది. న్యూట్రినోలు దేన్నీ పట్టించుకోకుండా అన్నిటిలోంచీ దూరిపోయే కణాలు. ఎక్కువ శక్తి ఉన్నవి ఎక్కణ్ణుంచి వస్తాయో అంతవరకూ సరిగ్గా తెలియదు. 43 సెకన్లలో అందరికీ కబురు వెళ్ళింది. అది వచ్చిన దిక్కులో, మృగశిర ఉన్న ఓరియన్ మండలంలో, టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజార్ ఉంది. ఫెర్మీ వాళ్ళు తమ రికార్డు తీసి చూశారు. ఆ బ్లేజార్ కొన్ని నెలలుగా గామా కిరణాల్లో మామూలు కన్నా చాలా ఎక్కువగా వెలుగుతోంది! తర్వాత మ్యాజిక్ కూడా అక్కణ్ణుంచి గామా కిరణాల్ని చూసింది. అంత శక్తి గల న్యూట్రినోకి పుట్టిల్లు ఇదే కావచ్చని గట్టి ఆధారం దొరకడం అదే మొదటిసారి.

ఇందులో ఘనత ఆ ఒక్కరోజుది కాదు. 2008 నుంచీ ఏ విశేషమూ లేని రోజుల్లో కూడా ఫెర్మీ ఆ చుక్క ఎలా ఉందో రాసి పెట్టింది. తొమ్మిదేళ్ళ ‘మామూలుగానే ఉంది’ దగ్గర లేకపోతే ‘మామూలు కన్నా ఎక్కువ’ అనే మాటకి అర్థమే లేదు.

నాకు దిగులు ఎక్కడంటే, ఈ రాసిపెట్టే పని ఆగిపోతుందేమోనని. అజీలే వెళ్ళిపోయింది. ఫెర్మీ పాతబడింది. 2018 మార్చిలో దాని సోలార్ ప్యానెల్ ఒకటి తిరగడం మానేసింది. చూసే పద్ధతి కాస్త మార్చుకుని పని సాగించారు. దాని పని అందుకోవడానికి అలాంటి ఇంకో పెద్ద కన్ను ఇంకా పైకి వెళ్ళలేదు. నేల మీద కొత్త టెలిస్కోపులు వస్తున్నాయి కానీ అవి ఒక్కసారికి ఆకాశంలో చిన్న ముక్కనే చూస్తాయి. ఎటు చూడాలో చెప్పేవాళ్ళు పైన ఉండాలి. డబ్బులు అడిగేటప్పుడు కొత్తది కనిపెడతాం అంటే ఇచ్చేవాళ్ళుంటారు. రోజూ చూస్తూ కూర్చుంటాం అంటే ఎవరు ఇస్తారు? ఇంట్లో మనం చేసే సగం పనులకి విలువ కట్టనిదీ ఇందుకే. ఏమీ జరగని రోజు మన పని ఎవరికీ కనిపించదు.

చూడాలనుకునేవాళ్ళకి రెండు దారులు చెప్పి ముగిస్తాను. ఫెర్మీ వాళ్ళు పదిహేను వందలకి పైగా గామా చుక్కల వెలుగు ఎప్పుడు ఎంత ఉందో గీతలుగా గీసి అందరికీ తెరిచి పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. ఫెర్మీ లైట్ కర్వ్ రిపాజిటరీ అని వెతికితే దొరుకుతుంది. హైస్కూల్ పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని 3సీ 454.3 గీత తీయండి. 2009, 2010లలో లేచిన శిఖరాల్ని వాళ్ళే మీకు చూపిస్తారు.

రెండోది దీనికన్నా సులువు. వసంతకాలం రాత్రి ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళు సప్తర్షుల్ని చూడండి. ధ్రువుణ్ణి చూపించే రెండు చుక్కలు మీకు తెలుసు, క్రతువు, పులహుడు. మామూలుగా ఆ గీతని ధ్రువుడి వైపు పొడిగిస్తాం. ఈసారి వెనక్కి, పులహుడి అవతలికి పొడిగించండి. ఆ రెండు చుక్కల మధ్య దూరానికి మూడున్నర రెట్లు వెళ్ళి ఆగండి. అక్కడ మీకు ఏమీ కనిపించదు. మార్కేరియన్ 421 ఉన్నది ఆ చోటే. ఈ రాత్రి అది నిదానంగా ఉందో పొంగుతోందో మనకి తెలియదు. చూసేవాళ్ళు ఎవరో వంతులో ఉన్నారు.